పదమూడడుగుల పీరు

భీమవరం తిరిగొచ్చి వారమైంది. ఎక్కడికెళ్లావని అడిగినవాళ్లకి జాతీయ అథ్లెటిక్స్ పోటీలు చూడ్డానికి వెళ్లానని చెబుతున్నాను. పోటీలు జరిగింది హైదరాబాద్‌లో. నేను మాత్రం నోరు తెరిస్తే కామారెడ్డి అంటాను, ఎల్లారెడ్డి అంటాను, మధ్యలో ఒక గేదె అంటాను. వినేవాళ్లు నన్నొకలా చూస్తున్నారు. మా ఆయనైతే ముందు కాఫీ తాగి స్థిమితపడి మొదటినుంచి చెప్పమన్నాడు. మొదటినుంచి చెబితే కూర్చుని వినే ఓపిక ఆయనకి లేదు. మీకుంటుందనుకుని రాస్తున్నాను.

ఆటల గురించి నాకు తెలిసింది బహు తక్కువ. చిన్నప్పుడు ఖోఖోలో కూర్చోమన్న చోట కదలకుండా కూర్చుంటానని పేరు తెచ్చుకున్నాను, అంతే. ఈ ప్రయాణానికి కారణం సుజాత. చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా గది పంచుకున్న కామారెడ్డి పిల్ల. ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఆడపిల్లల బడికి వ్యాయామ టీచరు. తన దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకతి జాతీయ పోటీల్లో దుంకుతోందని, నేను రాకపోతే ఫోన్లోంచి నా నంబరు తీసేస్తానని బెదిరించింది. ముప్ఫై ఏళ్ల స్నేహంలో ఆ నంబరు ఎన్నిసార్లు తీసేసిందో లెక్కలేదు. అయినా భయపడి బయల్దేరాను.

కామారెడ్డి: చాయ్ దుకాణంలో పడుకున్న కర్ర

పొద్దున్నే రైలు దిగాను. సుజాత ఇంటికి తీసుకెళ్లకుండా, నా బ్యాగు కూడా అందుకోకుండా, నేరుగా ప్లాట్‌ఫాం మీది చాయ్ దుకాణానికి తీసుకెళ్లింది. అక్కడ చాయ్ అనే అనాలి. టీ అన్నానని దుకాణపు అన్న నాకు పొట్లం కట్టిన టీపొడి చూపించాడు. గ్లాసు పది రూపాయలు. అడుగున పంచదార కరక్కుండా మిగిలేంత తీపి. మా వైపు పెళ్లిళ్లలో కూడా అంత తీపి పోయరు. రెండు తాగాను.

ఆ దుకాణానికి తీసుకెళ్లడానికి కారణం ఉంది. సుజాత శిష్యురాలి పేరు మమత. ఆమె ఆట పోల్ వాల్ట్. పొడవాటి ఫైబర్ కర్ర పట్టుకుని పరుగెత్తి, దాని కొస నేలలోని గుంటలో ఆనించి, అది విల్లులా వంగి లేచే ఊపులో అడ్డకడ్డీ మీదుగా అవతల పడాలి. ఆ కర్ర పొడవు పదమూడడుగులు. ఆటలోంచి తప్పుకున్న ఒక సీనియర్ అమ్మాయి ఇచ్చిన పాత కర్ర అది. మమతకి ఉన్నది అదొక్కటే.

పోయినేడు పోటీలు ఎక్కడో ఉత్తరాదిన జరిగాయట. ఇదే ప్లాట్‌ఫాం మీద కర్రని రైలెక్కించబోయారు. తలుపులోంచి లోపలికైతే వెళ్లింది గాని, అక్కడినుంచి పక్కకి తిరగలేదు. కిటికీలోంచి చూశారు, ఊచలున్నాయి. రైలు కూత వేసింది. పిల్ల ఎక్కింది, కర్ర మిగిలిపోయింది. చాయ్ అన్న దాన్ని తన దుకాణం వెనక దాచాడు. వారం రోజులు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకున్నానని, మంచి గట్టి దండెమని నాకు ఎంతో గౌరవంగా చెప్పాడు.

అక్కడ మమత ఎవరినో బతిమాలి కర్ర అరువు తెచ్చుకుంది. అది ఆమె బరువుకి వంగలేదు. మొదటి ఎత్తు దగ్గరే మూడుసార్లూ కడ్డీ పడిపోయింది. ఫలితాల కాగితంలో ఆమె పేరు ఎదుట అంకె బదులు చిన్న గీత వచ్చింది. ఆ వయసు వాళ్ల పోటీలో ఈ ఏడాదే ఆమెకి ఆఖరు. ఈసారి మూడు మీటర్లు దాటితే హైదరాబాద్‌లో శిక్షణ హాస్టల్‌లో సీటు ఇస్తామని అక్కడి కోచ్ సుజాతతో అన్నాడు. అసలైన పరుపులు, రకరకాల కర్రలు, రోజూ గుడ్లు. దాటకపోతే ఎల్లారెడ్డి బడి అయిపోయింది కాబట్టి దుంకడమూ అయిపోయినట్టే.

ఇదంతా విని నేను ఎల్లారెడ్డి బస్సెక్కేలోపే మమత పక్షం అయిపోయాను. ఇంకా ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు.

ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట: గడ్డిలో పడే విద్య

సుజాత ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసుని నేను చల్లారిన చారనుకుని, కాస్త వేడి చేసి పెట్టమన్నాను. సుజాత తన కొడుకుని పిలిచి ఆ మాట నాతో మళ్లీ చెప్పించింది. సాయంత్రానికి ఆ వీధిలో నాకు వేరే పరిచయం అక్కర్లేకపోయింది. కూరగాయలమ్మే ఆవిడ కూడా పులుసు వేడెక్కిందా అని అడిగింది.

మర్నాడు నాగిరెడ్డిపేట వైపు బస్సెక్కాం. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద వరి పండించే ఊళ్లు అవి. తొలకరి పడింది. నారుమళ్లు అప్పుడే మొలకెత్తి లేత పచ్చగా ఉన్నాయి. మాది గోదావరి డెల్టా కాబట్టి వరిచేను చూస్తే నేను అంత సులువుగా ఆశ్చర్యపోను. అక్కడ మాత్రం పొలాల మధ్య నున్నటి పెద్ద పెద్ద బండరాళ్లు లేచి ఉంటాయి. మా వాళ్లయితే ఒక్కోదాని మీదా ఒక్కో గుడి కట్టేసేవాళ్లు. వీళ్లు వాటి మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నారు.

మమత వాళ్ల నాన్న పేరు నర్సింలు. ఆ పొలాల్లోనే వ్యవసాయం. నేను నమస్కారం పెట్టి నర్సింలు గారూ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశాడు. అక్కడ గారు అంటే ఎవరో ఆఫీసరు వచ్చినట్టే. అన్న అంటే చాలని సుజాత చెప్పింది. ఆయన నన్ను అప్పటికే అక్క అనడం మొదలుపెట్టాడు. నాకంటే పెద్దవాడు, అయినా అక్కనే. నాకు నచ్చింది.

కల్లంలో మమత సాధన చూశాను. పరుగెత్తే దారి అంటే కల్లం అంచున చదును చేసిన మట్టి. కర్ర ఆనించే పెట్టె, గేట్లు చేసే వెల్డింగ్ దుకాణంలో రేకుతో చేయించింది. పరుపు బదులు వరిగడ్డి. విడిగా ఉంటే గాలికి పోతుందని, పోచారంలో చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత వల అడిగి తెచ్చి, గడ్డినంతా అందులో కుక్కి మూతి కట్టారు. అడ్డకడ్డీ మాత్రం రబ్బరు తాడు, రెండు వెదురు బొంగుల మధ్య.

పిల్ల సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. నన్ను చూసి సిగ్గుపడి తల దించుకుంది. తర్వాత కర్ర ఎత్తింది. పరుగెత్తుకుంటూ వచ్చి పైకి లేచి, కాళ్లు ఆకాశంలోకి పెట్టి, తాడు మీదుగా జారి గడ్డిలో పడింది. వల అంచు సీసం గుళ్లు గల్లుమన్నాయి. నాకు తెలియకుండానే చప్పట్లు కొడుతూ గంతులేశాను. నా వయసులో గంతులేయకూడదు, చెప్పు తెగింది. నర్సింలన్న ఆ చెప్పు తీసుకుని నారతో కట్టి ఇచ్చాడు.

మధ్యాహ్నం కొర్రమట్ట కూర పెట్టారు. మా కొర్రమీనే, పేరే వేరు. భీమవరం మనిషిని కదా, చేప గురించి నాకెవరూ చెప్పక్కర్లేదన్న ధీమాతో కూర్చున్నాను. చింతపండు, ఎండు మిర్చి, పైన కాస్త వేయించిన నువ్వుల పొడి. మూడోసారి వడ్డించుకున్నాక కూడా మా కూరే బాగుంటుందని అన్నాను. మమత వాళ్లమ్మ నాలుగోసారి వడ్డించింది.

లింగంపేట దాటాక: దట్టి

పోటీలకి వెళ్లే జిల్లా పిల్లలందరికీ కామారెడ్డి నుంచి వ్యాను పెట్టారు. దానికి పైన సామాను వేసే ఇనప చట్రం ఉంది కాబట్టి కర్ర పడుతుంది. కర్రని కామారెడ్డిదాకా చేర్చడమే మా పని. బస్సు కండక్టరు దాన్ని ఒకసారి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. నర్సింలన్న తెలిసినవాళ్ల ట్రాలీ ఆటో మాట్లాడాడు.

ఇక కర్రని ముస్తాబు చేశారు. ఇక్కడ నేను ప్రతి వస్తువూ చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దానికి అదే కారణం. ఎండ తగిలితే ఫైబర్ పాడవుతుందని సుజాత దానికి గలీబు కుట్టించింది. బడి స్టేజీ తెరకి తెప్పించగా మిగిలిన గుడ్డ, మెరిసే ఆకుపచ్చది, అంచున బంగారు రంగు లేసు. కర్ర ట్రాలీలో పట్టక ముందువైపు డ్రైవర్ నెత్తిమీదుగా పైకి లేచి ఉంది. చెట్ల కొమ్మలు తగలకుండా ఆ కొసకి నర్సింలన్న తళతళా తోమిన ఇత్తడి చెంబు బోర్లించి కట్టాడు. పొడవు సామాను కాబట్టి దారిన పోయేవాళ్లకి కనబడేలా డ్రైవరు ఒక ఎర్రగుడ్డ వేలాడదీశాడు. నేను, సుజాత, మమత, నర్సింలన్న వెనక కూర్చున్నాం. కర్ర అదరకుండా మమత రెండు చేతులా పట్టుకుంది.

మేం బయల్దేరిన రోజులు పీర్ల పండుగ రోజులు. పొడవాటి కర్ర కొసకి ఇత్తడి పీరు తొడిగి, రంగుల బట్టలు చుట్టి ఊరేగించే మొహర్రం పండుగ. మా వైపూ ఉంది గాని, అక్కడ ఊరు ఊరంతా దాన్ని చేస్తుంది. హిందువులే ఎక్కువమంది పీరు ముందు బిందెలతో నీళ్లు పోస్తారు, కోరిక చెప్పుకుని రంగు గుడ్డ కడతారు. ఆ గుడ్డని దట్టి అంటారు. పీరు పట్టుకున్న మనిషిని అడిగితే జరగబోయేది చెబుతారని నమ్మకం.

లింగంపేట దాటాక ఒక ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రాలీ నెమ్మదించింది. రోడ్డు పక్కనుంచి ఒక ముసలమ్మ బిందెతో వచ్చి ఆటో ముందు చక్రం మీద నీళ్లు కుమ్మరించింది. ఆమె వెనక ఇంకో ఆవిడ. తర్వాత ఊదు పొగతో ఇంకొకరు. ఎక్కడినుంచో డప్పులు మొదలయ్యాయి. డ్రైవరు బండి ఆపి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని కిందకి దిగి నిలబడ్డాడు.

నాకు ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి ట్రాలీ చుట్టూ యాభై మంది ఉన్నారు. సుజాత నర్సింలన్న చెవిలో అసలు సంగతి చెప్పేయమంది. కట్టడానికి వచ్చిన దట్టిని వద్దనడం అక్కడ ఎవరికీ చేతకాదట. పైగా కూతురి ప్రయాణమని రాత్రంతా ఆయనకి కంటిమీద కునుకు లేదు. చెప్పడానికి బదులు ఆయన కూడా చెప్పులు విడిచాడు.

బిందె తెచ్చిన ముసలమ్మ పేరు లచ్చవ్వ. ఆమె ట్రాలీ అంచు పట్టుకుని పైకి వచ్చి, కొంగులోంచి పసుపు రంగు దట్టి తీసి కర్రకి కట్టింది. తర్వాత కర్ర పట్టుకున్న మమత చేతుల మీద తన చేతులు పెట్టింది. డప్పులు ఆగిపోయాయి.

"బిడ్డా, నా బర్రె మొన్న మేతకు పోయి రాలే. యాడున్నదో చెప్పు" అంది లచ్చవ్వ.

ఊరంతా మమత ముఖంలోకి చూస్తోంది. నేనైతే ఊపిరి బిగబట్టాను, నవ్వు బయటికొస్తుందని. మమత ముఖం పాలిపోయింది. పెదవులు తడుపుకుంది.

"వస్తదవ్వా."

"ఎప్పుడొస్తది?"

"నేను మల్ల ఇటు వచ్చేలోపల వస్తది."

లచ్చవ్వ కర్రకి తల ఆనించి మొక్కింది. మా దారికి అడ్డం తప్పుకున్నారు. ఊరు దాటేదాకా డప్పులు మా వెనకే వచ్చాయి. ఊరు దాటాక నేను పొట్ట పట్టుకుని నవ్వాను. సుజాత కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. డ్రైవరు నవ్వలేదు, చెప్పులు అక్కడే మర్చిపోయాడు. మమత కూడా నవ్వలేదు.

మళ్లీ కామారెడ్డి: తినని ఇడ్లీ

కామారెడ్డిలో వ్యాను అప్పటికే ఇంజిను ఆన్ చేసి ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే వెళ్లిపోయేదే. కర్రని పైకెక్కించి తాళ్లతో కట్టేదాకా నర్సింలన్న దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు. వ్యానులో మేమూ ఎలాగో ఇరుక్కున్నాం. నా ఒళ్లో షాట్‌పుట్ పిల్ల బ్యాగు పెట్టారు. అందులో ఇనప గుండుంది. హైదరాబాద్ చేరేసరికి నా తొడలు మొద్దుబారాయి.

దారిలో కొన్న ఇడ్లీ మమత ముట్టలేదు. అడగ్గా అడగ్గా, తాను అబద్ధం చెప్పానని, అదీ పీరు పేరు మీద చెప్పానని, ఆ బర్రె రాకపోతే ముసలమ్మ ఉసురు తగులుతుందని చెప్పింది. సుజాత తేలిగ్గా తీసేయబోయింది. నర్సింలన్న తేలిగ్గా తీసుకోలేదు. ఆ ఊళ్లో కిరాణా కొట్టు నడిపే మనిషి తనకి తెలుసని, ఫోన్ చేసి బర్రె సంగతి కనుక్కుంటానని అన్నాడు. చేశాడు. బర్రె ఇంకా రాలేదట.

హైదరాబాద్: కడ్డీ

స్టేడియం గురించి చాలా రాయాలని ఉంది. ఎర్రటి ట్రాకు, రకరకాల రాష్ట్రాల బనియన్లు, ఒక్కో భాషలో ఒక్కో కేక. నా పక్కన హర్యానా అమ్మ ఒకావిడ కూతురి కోసం నెయ్యి సీసా తెచ్చుకుని కాపలా కాస్తోంది. హిందీ వచ్చీ రాక మాట్లాడి ఆవిడ దగ్గర ఒక లడ్డూ సంపాదించాను. సుత్తి విసిరే పిల్లలు తిరిగే వేగం చూసి నాకే కళ్లు తిరిగాయి. నాలుగు గంటలు అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఎవరికోసం అరుస్తున్నానో నాకే తెలియదు. ఎవరు పరుగెడితే వాళ్లకోసం.

మధ్యాహ్నం పోల్ వాల్ట్. అక్కడ చూశాను అసలైన పరుపు. చిన్న గదంత ఉంది. మమత దాన్ని వేలితో నొక్కి చూసి, మళ్లీ నొక్కింది. కర్ర మీద గుడ్డలేవీ ఉండకూడదని అక్కడి అధికారి అన్నాడు. మమత దట్టి విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక గ్యాలరీ కటకటాల దగ్గరికి పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. పోకుండా ఉంటుందని మణికట్టుకి కట్టుకున్నాను. అదే సమయంలో వాళ్ల నాన్నని కళ్లతో అడిగింది. ఆయన చేతిలో ఫోనుంది. తల దించుకున్నాడు. బర్రె ఇంకా రాలేదు.

మొదటి ఎత్తు రెండు మీటర్ల ఎనభై. ఆ ఎత్తు మమత వరిగడ్డి మీద రోజూ దాటేదే. పరుగెత్తింది, లేచింది, మోకాలు తగిలి కడ్డీ పడింది. రెండోసారి లేవనే లేదు, కర్ర వదిలేసి పరుపు పక్కనుంచి వెళ్లిపోయింది. ఇంకొక్కసారే ఉంది. అదీ పోతే పోయినేటి గీతే ఈ ఏడాదీ.

మమత మా దగ్గరికొచ్చింది. సుజాత అడుగులు వెనక్కి జరుపుకోమని, చేయి పైకి పట్టమని చెబుతోంది. పిల్లకి ఒక్క ముక్కా ఎక్కడం లేదని నాకు కూడా కనబడుతోంది. నర్సింలన్న కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆట గురించి ఓనమాలు రాని నేను మధ్యలో దూరాను.

"ఏమ్మా, నువ్వు లచ్చవ్వకి ఏమని చెప్పావు? నేను మళ్లీ ఇటు వచ్చేలోపల అన్నావు కదా. వెళ్లావా ఏంటి? ఇంకా ఇక్కడే ఉన్నావుగా. దానికింకా టైముంది."

మమత నావైపు చూసింది. ఆ మాట లోపలికి వెళ్లడానికి కాసేపు పట్టింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నిన్నటినుంచి ఆపుకున్న నవ్వంతా ఒక్కసారే వచ్చింది. నర్సింలన్న కూడా నవ్వాడు. సుజాత మా ముగ్గురినీ తిట్టింది. అధికారి పేరు పిలిచాడు. పిల్ల నవ్వు మింగుకుంటూనే వెళ్లి కర్ర ఎత్తింది.

పరుగు చూశాను. లేవడం చూశాను. తర్వాత చూడలేదు, కళ్లు మూసుకున్నాను. హర్యానా అమ్మ నా వీపు మీద చరిచింది. కళ్లు తెరిస్తే కడ్డీ పైనే ఉంది, మమత పరుపు మీద వెల్లకిలా పడి ఇంకా నవ్వుతోంది.

ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు లేరు. మూడు మీటర్లు మొదటిసారే దాటింది. మూడు మీటర్ల పది కూడా దాటింది, అంత ఎత్తు ఆమె ఇంతకుముందు ఎప్పుడూ దాటలేదట. ఆ పైన మూడుసార్లూ పడిపోయింది. ఐదో స్థానం. పతకం రాలేదు. హాస్టల్ కోచ్ వచ్చి, బడి సర్టిఫికెట్లు తీసుకుని వచ్చే నెల చేరమని చెప్పి వెళ్లాడు. ఫలితాల కాగితం గోడకి అంటించగానే నర్సింలన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. గీత లేదు, అంకె ఉంది. నేను ఏడ్చాను, ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. మిగిలిన లడ్డూ కూడా హర్యానా అమ్మే పెట్టింది.

తిరుగు దారి: లచ్చవ్వ ఇల్లు

కామారెడ్డిలో అదే ట్రాలీ, అదే డ్రైవరు, కర్రకి అదే గలీబు, అదే చెంబు. కిరాణా కొట్టు మనిషి నిన్నటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఎల్లారెడ్డికి వేరే దారిలో వెళ్దామా అని నర్సింలన్న మెల్లగా అడిగాడు. వద్దని మమత అంది. డ్రైవరు కూడా వద్దన్నాడు, ఆయన చెప్పులు ఆ ఊళ్లోనే ఉన్నాయి. లింగంపేట వైపు వెళ్తున్నకొద్దీ ట్రాలీలో మాటలు తగ్గాయి. దానికింకా టైముందని చెప్పిన మనిషిని నేనే కాబట్టి, అందరికంటే ఎక్కువ భయం నాకే.

స్పీడ్ బ్రేకర్ దగ్గర లచ్చవ్వ లేదు. ఊళ్లో పీర్ల ఆఖరి రోజు సందడి. ట్రాలీని చూసి ఎవరో ఆమెకి కబురు చెప్పారు. మమ్మల్ని ట్రాలీతో సహా ఆమె ఇంటికి పట్టుకెళ్లారు. చిన్న స్లాబు ఇల్లు, ముందు రేకుల పందిరి. పందిరి కింద ఒక బర్రె నెమరేస్తూ కూర్చుని ఉంది.

అది నిన్న సాయంత్రం పక్కూరి చెరుకు తోటలో దొరికిందట, తప్పిపోయిన నాటినుంచీ హాయిగా చెరుకు మేసి కాస్త ఒళ్లు కూడా చేసిందట. లచ్చవ్వ పళ్లెంలో మలీద తెచ్చింది, రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసిన పీర్ల ప్రసాదం. ముందు కర్రకి చూపించి తర్వాత మాకు పెట్టింది. నేను చేయి చాచాను. నా మణికట్టు మీద పసుపు దట్టి ఆమె కంటపడింది.

పీరుకి కట్టిన దట్టి ఈమె చేతికెట్లొచ్చిందని లచ్చవ్వ గట్టిగానే అడిగింది. పందిరి కింద జనం నావైపు తిరిగారు. నేను మలీద నోట్లో పెట్టుకున్నాను. మమత ముందుకొచ్చింది.

"అవ్వా, తప్పు నాదే. గిది పీరు గాదు, దుంకే కట్టె. ఆట కోసం తీస్కపోయినం. బర్రె వస్తదని పీరు చెప్పలే. నేనే భయపడి చెప్పిన."

నర్సింలన్న చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. లచ్చవ్వ మమతని కిందనుంచి పైదాకా చూసింది.

"దుంకుడంటే ఏంది? యాడికి దుంకుతవ్?"

మమత చుట్టూ చూసింది. చేయెత్తి లచ్చవ్వ ఇంటి స్లాబు అంచు చూపించింది.

"గంత ఎత్తు. గా కట్టె పట్టుకొని, గా స్లాబు మీదికెళ్లి అవుతల పడత. మొన్న అందరి ముంగట దుంకిన."

లచ్చవ్వ స్లాబు వైపు చూసింది. ఇత్తడి చెంబు వైపు చూసింది. చెరుకు మేసొచ్చిన బర్రె వైపు చూసింది. నా చేయి పట్టుకుని దట్టి విప్పి, మళ్లీ కర్రకే, ఈసారి రెండు ముడులేసి కట్టింది. తర్వాత పక్కింటావిడ వైపు తిరిగి అంది:

"బర్రె వస్తదన్నది, వచ్చింది. ఇంటి మీదికెళ్లి దుంకుతనంటది. మల్ల పీరు గాదంటది."